గ్యాస్ అంటే ఏ గ్యాస్? తగ్గని ఛాతీమంట, అంతుచిక్కని ఉబ్బరంతో బతకాల్సి వస్తే

ఒంట్లో ఏ తేడా వచ్చినా మనకు ముందు నోటికొచ్చే మాట "గ్యాస్ పట్టేసింది". ఛాతీ మండినా గ్యాసే, పొట్ట బిగిసినా గ్యాసే, వీపు పట్టేసినా గ్యాసే. మందుల షాపుకెళ్లి ఆ మాటే చెబితే, ఎవరికైనా ఒకటే బిళ్ల చేతిలో పెడతారు. ఏళ్ల తరబడి ఆ బిళ్ల మింగుతూ "అయినా తగ్గట్లేదు" అనేవాళ్లలో చాలామంది బాధ బిళ్లది కాదు, మాటది. ఆ ఒక్క మాట కింద కనీసం అయిదు రకాల బాధలు దాక్కుని ఉన్నాయి. ముందు వాటిని విడదీయాలి.

ఛాతీమంట: రొమ్ము ఎముక వెనక, కింది నుంచి పైకి ఎగబాకే మంట. వంగినా, పడుకున్నా ఎక్కువవుతుంది. 

పులితేన్పులు: పుల్లగానో చేదుగానో నీళ్లు గొంతులోకి, నోట్లోకి ఎగదన్నడం. ఈ రెండే అసలైన యాసిడ్ రిఫ్లక్స్ గుర్తులు, ఒక్కటి ఉన్నా చాలు.

పై కడుపు బాధ: బొడ్డుకు పైన, పక్కటెముకలు కలిసే చోట నొప్పి లేదా బరువు, నాలుగు ముద్దలకే పొట్ట నిండిపోవడం. ఇది అజీర్తి వర్గం. 

ఉబ్బరం: పొద్దున చదునుగా ఉన్న పొట్ట సాయంత్రానికి బిగిసి, గాలి పోయాకో విరేచనం అయ్యాకో తగ్గడం. ఇది పేగుల సంగతి. యాసిడ్ బిళ్లకు దీనితో దాదాపు సంబంధం లేదు.

ఒట్టి తేన్పులు: పులుపు లేకుండా, వరసగా, ఒక్కోసారి నిమిషానికి నాలుగైదు. ఇది ఎక్కువగా మింగిన గాలి. నిద్రలో ఆగిపోతుంది, ఎవరైనా మాటల్లో పెడితే తగ్గుతుంది. అదే దీని గుర్తు.

మీకున్నది వీటిలో ఏది? ఒకటికి మించి ఉండొచ్చు, చాలామందికి ఉంటాయి. అలాంటప్పుడు దేనికి దానికి వేరే లెక్క రాయాలి.

అంతకంటే ముందు గుండె

ఛాతీ మధ్యలో బండ పెట్టినట్టు, బిగించినట్టు ఉండి చెమటలు పడుతుంటే, నొప్పి దవడకో చేతులకో వీపుకో పాకుతుంటే, ఆయాసం వస్తుంటే, సోడా తాగి పడుకోవద్దు. 108కి ఫోన్ చేసి, ఈసీజీ తీసే ఆసుపత్రికి వెళ్లాలి. మెట్లెక్కితే వచ్చి ఆగితే తగ్గే 'గ్యాస్' గ్యాస్ కాదు. షుగర్ ఉన్నవాళ్లకు, ఆడవాళ్లకు, వయసు మళ్లినవాళ్లకు గుండెపోటు నొప్పే లేకుండా, ఒట్టి వికారంగా, పై కడుపులో ఇబ్బందిగా కూడా రావచ్చు. తేన్పు వచ్చాక హాయిగా అనిపించిందంటే గుండె బాగున్నట్టు కాదు. మొదటి ఈసీజీ మామూలుగానే ఉన్నా నొప్పి పోకపోతే రక్తంలో ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే పెరిగేది) చూడాలి, ఈసీజీ మళ్లీ తీయాలి.

ఇక ఇవి ఉంటే ఇంటి ప్రయోగాలు, ఈ వ్యాసం అన్నీ పక్కన పెట్టి నేరుగా గ్యాస్ట్రో డాక్టర్ దగ్గరికి వెళ్లాలి: ముద్ద మింగుతుంటే అడ్డుపడటం, నెత్తురు వాంతి, లేదా కాఫీ పొడి కలిపినట్టున్న వాంతి, తారులా నల్లగా, జిగటగా, దుర్వాసనతో మలం (ఐరన్ బిళ్లలకూ నల్లగా వస్తుంది, కానీ ఆ జిగట ఉండదు), ప్రయత్నించకుండానే బరువు తగ్గడం, అంటే 60 కిలోల మనిషి ఆరు నెలల్లో 3 కిలోలు తగ్గినా లెక్కే, రక్తహీనత, ఆగని వాంతులు, నిద్రలోంచి లేపే విరేచనాలు, 50 దాటాక మొదటిసారి మొదలైన బాధ, ఇంట్లో ఎవరికైనా జీర్ణకోశ క్యాన్సర్ వచ్చి ఉండటం. రోజూ సాయంత్రం పలచటి జ్వరం, కడుపు నొప్పి, బరువు తగ్గడం కలిసి ఉంటే మన దగ్గర పేగుల టీబీని కూడా తప్పకుండా ఆలోచించాలి.

రెండు వారాల పుస్తకం

చిన్న నోటు పుస్తకం తీసుకోండి, ఫోనైనా ఫర్వాలేదు. ఏం తిన్నారు, ఎన్నింటికి, ఎంత; బాధ ఏది, ఎన్నింటికి మొదలై ఎన్నింటికి తగ్గింది, అప్పుడు కూర్చుని ఉన్నారా పడుకున్నారా; విరేచనం ఎలా ఉంది; ఏ బిళ్ల వేసుకున్నారు. అంతే. "ఈరోజు గ్యాస్ ఎక్కువ" అని రాస్తే ఎవరికీ పనికిరాదు. ఇలా రాయాలి:

మంగళవారం. 6.10 పరగడుపున టీ. 8.40 ఇడ్లీ 4, అల్లం చట్నీ. 11.00 టీ, బిస్కెట్లు 4. 1.15 అన్నం, గోంగూర పప్పు గరిటెడు గరిటెడుగా మూడుసార్లు, పెరుగు. 5.30 పొట్ట బిగుతు, 7.00కి గాలి పోయి తగ్గింది. 9.50 చపాతీ 3, ఆలూ కూర. 10.30 పడక. 1.20 మంటతో మెలకువ, నోట్లో పులుపు, లేచి కూర్చుంటే 20 నిమిషాల్లో తగ్గింది.

ఈ ఒక్క రోజులోనే రెండు వేరు వేరు సమస్యలు కనిపిస్తున్నాయి. సాయంత్రం బిగుతు తిన్న నాలుగు గంటల తర్వాత వచ్చింది, అంటే పప్పు పెద్దపేగు దాకా వెళ్లి అక్కడి సూక్ష్మజీవుల చేతిలో పులిసింది. అర్ధరాత్రి మంట వేరు: భోజనానికీ పడకకూ మధ్య 40 నిమిషాలే ఉంది. మొదటిదానికి పప్పు తగ్గించి చూడాలి, రెండోదానికి గడియారం మార్చాలి. రెండింటికీ ఒకే బిళ్ల ఇస్తే ఒకటి తగ్గుతుంది, ఒకటి తగ్గదు, "మందు సగమే పనిచేస్తోంది" అనుకుంటారు.

తిన్న అరగంటలోపు వచ్చేది సాధారణంగా పొట్ట పని. రెండు మూడు గంటలు దాటాక వచ్చేది పేగుల పని. ఇది మోటు లెక్కే, కానీ పనికొస్తుంది. మరో నియమం: ఒకసారికి ఒక్క మార్పు, కనీసం రెండు వారాలు. కారం, టీ, పాలు, గోధుమలు, నూనె అన్నీ ఒకే సోమవారం మానేస్తే తగ్గొచ్చు, కానీ దేనివల్ల తగ్గిందో తెలియదు, జీవితాంతం అన్నీ మానుకుని కూర్చోవాల్సి వస్తుంది.

అదే పుస్తకంలో మొదటి పేజీలో మీరు వాడే మందులన్నీ రాయండి. మోకాళ్ల నొప్పికి షాపులో కొనుక్కునే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ పొట్ట లోపలి పొరను కోస్తాయి. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ అన్నవాహిక కింది కవాటాన్ని కొంత వదులు చేస్తుంది. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ ఉబ్బరం, విరేచనాలు తెస్తుంది, నెమ్మదిగా విడుదలయ్యే దాని ఎస్.ఆర్. రకానికి మారితే చాలామందికి నిమ్మళిస్తుంది. బరువు తగ్గడానికి ఇచ్చే సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్ పొట్ట ఖాళీ అయ్యే వేగాన్నే తగ్గిస్తుంది. డాక్సీసైక్లిన్ క్యాప్సూల్‌ని గుక్కెడు నీళ్లతో మింగి వెంటనే పడుకుంటే అన్నవాహికకు అంటుకుని పుండు చేస్తుంది. గ్లాసు నిండా నీళ్లు, ఆపైన అరగంట నిటారుగా ఉండాలి. వీటిలో దేన్నీ మీ అంతట మీరు ఆపొద్దు, జాబితా డాక్టర్‌కి చూపించండి.

బిళ్ల: ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే

ఒమెప్రజోల్ 20, పాంటొప్రజోల్ 40, రాబెప్రజోల్ 20, ఎసోమెప్రజోల్ 40 మిల్లీగ్రాములు, అన్నీ ఒకే కుటుంబం. ఇవి పొట్టలో ఉన్న యాసిడ్‌ని చల్లార్చవు. యాసిడ్‌ని తోడిపోసే పంపులను మూసేస్తాయి, అదీ పనిచేస్తున్న పంపులను మాత్రమే. పంపులు తిరగడం మొదలయ్యేది అన్నం పొట్టలో పడ్డప్పుడు. మందేమో రక్తంలో ఒకటి రెండు గంటలే ఉంటుంది. అందుకే టిఫిన్‌కి అరగంట నుంచి గంట ముందు వేసుకోవాలి, ఆ తర్వాత తప్పకుండా తినాలి. బిళ్ల 7కి వేసుకుని 11కి తింటే మందు వచ్చి వెళ్లిపోయాక పంపులు లేస్తాయి. తిన్నాక మండుతోందని అప్పుడు వేసుకుంటే ఇంకా దండగ.

పూర్తి బలం రావడానికి మూడు నుంచి అయిదు రోజులు పడుతుంది. కాబట్టి "నిన్న వేసుకున్నా, తగ్గలేదు" అనేది తీర్పు కాదు. మామూలు కోర్సు 8 వారాలు. పై పూతతో వస్తాయి కాబట్టి నమలకూడదు, పొడి చేయకూడదు. బాధ రాత్రి వేళే ఎక్కువైతే ఆ ఒక్క మోతాదునే రాత్రి భోజనానికి ముందుకు మార్చమని డాక్టర్‌ని అడగొచ్చు.

థైరాయిడ్ బిళ్ల కూడా ఉంటే వరస ఇలా: లేవగానే థైరాయిడ్ బిళ్ల నీళ్లతో, అరగంటకు యాసిడ్ బిళ్ల, మరో అరగంటకు టిఫిన్. యాసిడ్ తగ్గితే థైరాయిడ్ మందు ఒంటికి పట్టడం కూడా కొంత తగ్గొచ్చు, అందుకని 6 నుంచి 8 వారాల్లో టి.ఎస్.హెచ్. ఒకసారి చూపించుకోవాలి. గుండెకు క్లోపిడోగ్రెల్ వాడేవాళ్లకు ఒమెప్రజోల్, ఎసోమెప్రజోల్ పనికిరావు, పాంటొప్రజోల్ మేలు.

ఇప్పుడు బిళ్ల పేరు చివర ఉన్న అక్షరాలు చూడండి. 'డి' లేదా 'డి.ఎస్.ఆర్.' అని ఉంటే అందులో డోంపెరిడోన్ కలిసి ఉంది. 'ఎల్.ఎస్.ఆర్.' లేదా 'ఎల్' అని ఉంటే ఎక్కువగా లెవోసల్పిరైడ్. మన దగ్గర ఒట్టి పాంటొప్రజోల్ కంటే ఇవే ఎక్కువ అమ్ముడవుతున్నట్టు అనిపిస్తుంది. వాంతులకో, పొట్ట కదలికకో కొద్దిరోజులు వాడే మందులు ఇవి. నెలల తరబడి మింగేవి కావు. డోంపెరిడోన్ గుండె లయను తప్పించగలదు, 2014లో ఐరోపా మందుల సంస్థ దాన్ని వీలైనంత తక్కువ మోతాదులో, మామూలుగా వారానికి మించకుండా వాడమంది. లెవోసల్పిరైడ్ పాలు పుట్టించే ప్రొలాక్టిన్ అనే హార్మోన్‌ని పెంచుతుంది: నెలసరి తప్పడం, బిడ్డ లేకుండానే పాలు రావడం. పెద్దవాళ్లలో చేతులు వణకడం, నడక నెమ్మదించడం కూడా ఉంటాయి. ఈ వణుకుని వయసు మీద తోసేసి మందు కొనసాగించేవాళ్లు ఉంటారు. మీ చీటీలో ఈ అక్షరాలుంటే "ఒట్టిది సరిపోతుందా?" అని అడగండి.

వెంటనే ఉపశమనానికి వేరే సరంజామా ఉంది. జెలూసిల్, డైజీన్ లాంటి యాంటాసిడ్‌లు నిమిషాల్లో పనిచేసి గంటలో వెళ్లిపోతాయి. సోడియం ఆల్జినేట్ ద్రవం ఇంకా నయం: తిన్న తర్వాత, పడుకోబోయే ముందు 10 మిల్లీలీటర్లు తాగితే పొట్టలోని ఆహారం మీద మీగడలా తెట్టు కట్టి, పైకి ఎగదన్నేదాన్ని అడ్డుకుంటుంది. దాని మీద నీళ్లు, పాలు తాగితే తెట్టు చెదిరిపోతుంది. ఈనో లాంటి సోడా పొడుల్లో సోడియం ఎక్కువ, బీపీ ఉన్నవాళ్లు అలవాటు చేసుకోకూడదు. పైగా ఆ 'బ్రేవ్' అనే తేన్పు సోడా యాసిడ్‌తో కలిసినప్పుడు పుట్టిన గాలే, మీ జబ్బు బయటికి పోవడం కాదు. చల్లటి పాలు కాసేపు హాయినిస్తాయి, గంట రెండు గంటల్లో యాసిడ్‌ని మళ్లీ పెంచుతాయి.

రానిటిడిన్ అనే పాతకాలపు యాసిడ్ బిళ్ల స్ట్రిప్ ఇంట్లో ఉంటే పారేయండి. 2019లో దానిలో క్యాన్సర్ తేగలదన్న అనుమానం ఉన్న ఎన్.డి.ఎమ్.ఎ. అనే మలినం బయటపడింది, 2020 ఏప్రిల్‌లో అమెరికా దాన్ని మార్కెట్ నుంచి తీయించింది, 2022లో మన దేశపు అత్యావశ్యక మందుల జాబితాలోంచి కూడా పోయింది. ఆ జాతిలో ఇప్పుడు వాడేది ఫామోటిడిన్.

రాత్రి

రిఫ్లక్స్‌కి తిండి మార్చడం కంటే వేళ మార్చడం ఎక్కువ పనిచేస్తుంది. రాత్రి భోజనానికీ పడకకూ 3 గంటలు ఉండాలి. ఆఫీసు నుంచి తొమ్మిదికి వచ్చే మనిషికి ఇది కుదరని మాట, కాబట్టి తిరగేయండి: సాయంత్రం 6.30కి ఆఫీసులోనే డబ్బాలో తెచ్చుకున్న అసలు భోజనం, ఇంటికొచ్చాక అరకప్పు పెరుగన్నమో మజ్జిగన్నమో. పొట్ట ఎంత నిండిందన్నది కవాటం మీద ఒత్తిడిని నిర్ణయిస్తుంది.

మంచం తల వైపు 6 నుంచి 8 అంగుళాలు ఎత్తాలి. ఒక ఇటుక పడుకోబెడితే సుమారు 3 అంగుళాలు. తల వైపు రెండు కోళ్ల కింద రెండేసి ఇటుకలు పెడితే 6 వస్తాయి. ఇటుక కింద, పైన పాత సైకిల్ ట్యూబు ముక్క వేస్తే జారదు. దిండ్లు మీద దిండ్లు వేసి మాత్రం సరిపెట్టకండి. దానివల్ల మెడ, నడుము దగ్గర మడత పడి పొట్ట నొక్కుకుని ఇంకా ఎక్కువ ఎగదన్నుతుంది. కోళ్లు లేని దివాన్, పెట్టె మంచం అయితే పరుపు కింద నడుము నుంచి తల దాకా ఏటవాలుగా ఉండే ఫోమ్ ముక్క కోయించుకోవచ్చు, పరుపుల షాపుల్లో చెబితే కోసిస్తారు. నేల మీద చాప వేసుకునే వాళ్లకీ అదే దారి.

ఎడమ పక్కకు తిరిగి పడుకోవాలి. అలా పడుకుంటే పొట్ట సంచి అన్నవాహిక కంటే కిందుగా ఉంటుంది. కుడి పక్కకైతే సీసా బోర్లించినట్టే. లంగా బొందు, లుంగీ ముడి, బెల్టు తిన్నాక వదులు చేయడం చిన్న పనే కానీ కొందరికి అదే సగం మందు. నడుము చుట్టూ బరువు ఎక్కువున్నవాళ్లు 5 శాతం తగ్గినా మంటలో తేడా తెలుస్తుంది. సిగరెట్, ఖైనీ, మద్యం కవాటాన్ని వదులు చేస్తాయి. దీనికి వివరణ అక్కర్లేదు.

కారం గురించి, టీ గురించి

ఆవకాయ మానేయమనడం మన దగ్గర ప్రతి చీటీ వెనక ఉండే సలహా. మిరపకాయ పుండు చెయ్యదు. అందులోని క్యాప్సైసిన్ మంటను గుర్తించే నరాల తలుపు తడుతుంది, అంతే. అప్పటికే పొర ఒరుసుకుపోయి ఉంటే ఆ తట్టడం బాధగా ఉంటుంది. కొందరికి అసలు తేడా ఉండదు. పుస్తకంలో చూడండి: మధ్యాహ్నం ఆవకాయన్నం తిన్న రోజు ఏమీ కాక, రాత్రి తిన్న రోజు మండితే తప్పు ఆవకాయది కాదు, వేళది. అనుమానం ఎక్కువ పడాల్సింది నూనె మీద. కొవ్వు పొట్ట ఖాళీ అవడాన్ని నెమ్మది చేస్తుంది, కవాటాన్ని వదులు చేస్తుంది. మిర్చి బజ్జీలో మిర్చిని అనుమానించి, అది మునిగిన నూనెను వదిలేస్తుంటాం.

పరగడుపున టీ, దాని ముందు నిమ్మరసం తేనె నీళ్లు, దాని తర్వాత నానబెట్టిన మొలకలు. ఆరోగ్యం పేరుతో చేసే ఈ ఉదయపు పూజ రిఫ్లక్స్ మనిషికి తలకిందుల ప్రిస్క్రిప్షన్. నిమ్మరసం ఒరుసుకున్న పొర మీద పడుతుంది, తేనెలోని ఫ్రక్టోజ్, మొలకలు ఉబ్బరం తెస్తాయి. టీ మానలేకపోతే టిఫిన్ తర్వాతకు జరపండి. పుదీనా, చాక్లెట్, కాఫీ కూడా ఒక్కొక్కటే పరీక్షించదగ్గవి. భోజనంతో చారు, మజ్జిగ, నీళ్లు కలిపి లీటరు దాకా పోయకుండా, నీళ్లు భోజనాల మధ్య తాగడం మంచిది.

మంట లేదు, ఉబ్బరమే అయితే

ముందు మలబద్ధకం చూడండి. రోజూ వెళ్తున్నా పూర్తిగా కాలేదనిపిస్తే అది కూడా మలబద్ధకమే. ఇసబ్‌గోల్ ఒక చెంచాతో మొదలుపెట్టి, వారానికో చెంచా పెంచుతూ రోజుకు రెండు మూడు చెంచాల దాకా, ప్రతిసారీ పెద్ద గ్లాసు నీళ్లతో. మొదటిరోజే మూడు చెంచాలు వేస్తే ఉబ్బరం రెట్టింపై దాన్నే తిట్టుకుంటారు. గోధుమ తవుడు మాత్రం ఇలాంటివాళ్లకు ఎక్కువగా హాని చేస్తుంది.

తర్వాత పాలు. మన దక్షిణాదిలో పెద్దయ్యాక పాలలోని లాక్టోజ్‌ని అరిగించుకునే శక్తి చాలామందికి తగ్గిపోతుంది. రెండు వారాలు పాలు, పాలకోవా, ఐస్‌క్రీమ్ ఆపండి. గట్టిగా తోడుకున్న పెరుగు తినొచ్చు, టీలో పడే కొద్దిపాటి పాలు కూడా సాధారణంగా ఏమీ చేయవు. తర్వాత ఒక ఉదయం గ్లాసు పాలు తాగి నాలుగు గంటలు గమనించండి. తేలిపోతుంది.

మూడోది, చాలామంది ఊహించనిది, రాత్రి చపాతీ. షుగర్ వచ్చిందని అన్నం మాని మూడు చపాతీలకు మారిన నెల నుంచే పొట్ట ఉబ్బడం మొదలైతే అనుమానించండి. గోధుమలో ఫ్రక్టాన్లు అనే పిండిపదార్థం ఉంటుంది, చిన్నపేగు దాన్ని అరిగించుకోలేదు, పెద్దపేగులో పులుస్తుంది. అన్నం అంత తేలిగ్గా అరిగే ధాన్యం మరొకటి లేదు. రెండు వారాలు గోధుమ బదులు కొలిచిన అన్నమో జొన్న రొట్టెనో తిని చూడండి, షుగర్ రీడింగులు రాసుకుంటూ.

ఇవే ఫ్రక్టాన్లు ఉల్లి, వెల్లుల్లిలో దండిగా ఉంటాయి. కందిపప్పు, శనగపప్పు, రాజ్మా, అలసందల్లో వాటి దాయాదులు. వీటన్నిటినీ కలిపి రెండు నుంచి ఆరు వారాలు తగ్గించి, తర్వాత ఒక్కోదాన్ని తిరిగి చేర్చే పద్ధతిని ఫాడ్‌మ్యాప్ ఆహారం అంటారు. ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకుంది. మన వంటింట్లో దీన్ని చేయడం అంత కష్టం కాదు. ఫ్రక్టాన్లు నీళ్లలో కరుగుతాయి, నూనెలో కరగవు. కాబట్టి పోపులో వెల్లుల్లి రెబ్బలు చితక్కుండా, నీళ్లు తగలకముందే నూనెలో ఎర్రగా వేయించి, రెబ్బలు తీసి పారేస్తే వాసన దక్కుతుంది, బాధ దక్కదు. ఉల్లిపాయ బదులు ఉల్లికాడల పచ్చ భాగం. ఇంగువ వాడుకోవచ్చు, కానీ డబ్బా మీద చదవండి, చాలావాటిలో మైదా కలుపుతారు. పప్పుని రాత్రి నానబెట్టి ఆ నీళ్లు పారబోసి కొత్త నీళ్లతో ఉడికిస్తే వాయువు చేసేది కొంత పోతుంది. పరిమాణం మాత్రం పావు కప్పు దాటకుండా మొదలుపెట్టండి. వంకాయ, క్యారెట్, దోసకాయ, ఆలుగడ్డ, కమలాపండు, బొప్పాయి నిక్షేపంగా తినొచ్చు. మామిడి, సీతాఫలం, పుచ్చకాయ, యాపిల్ ఆపాలి.

ఆరు వారాలు దాటి ఈ కోత కొనసాగించకండి. తిరిగి చేర్చడమే అసలు పరీక్ష: మూడు రోజులు ఒక పదార్థం, పరిమాణం పెంచుతూ, తర్వాత మూడు రోజులు విరామం. చాలామందికి చివరికి రెండు మూడు దోషులే మిగులుతాయి.

ఉబ్బరానికి పుదీనా నూనె క్యాప్సూల్స్ బాగా పనిచేస్తాయి. అయితే అవే కవాటాన్ని వదులు చేసి మంట పెంచుతాయి. రెండూ ఉన్నవాళ్లు వాటి జోలికి పోకూడదు.

పరీక్షలు, వాటి రిపోర్టులు

ప్రమాద సూచనలేవీ లేని చిన్న వయసు మనిషికి మొదట కావాల్సింది హెచ్. పైలోరీ పరీక్ష. 1984లో బ్యారీ మార్షల్ ఈ క్రిమిని తానే తాగి పొట్ట వాపు తెచ్చుకుని చూపించాడు, 2005లో రాబిన్ వారెన్‌తో కలిసి నోబెల్ అందుకున్నాడు. శ్వాస పరీక్ష లేదా మలంలో యాంటిజెన్ పరీక్ష చేయించాలి. రక్తంలో యాంటీబాడీ పరీక్ష పాత ఇన్‌ఫెక్షన్‌నూ చూపిస్తుంది కాబట్టి అంత పనికిరాదు. పరీక్షకు 2 వారాల ముందు ప్రజోల్ బిళ్లలు, 4 వారాల ముందు యాంటీబయాటిక్స్ ఆపి ఉండాలి, లేకపోతే క్రిమి ఉన్నా లేదని వస్తుంది. ఈ సంగతి ల్యాబులో ఎవరూ చెప్పరు. ఉంటే సాధారణంగా 14 రోజుల కోర్సు, ఒక్క పూట కూడా తప్పకుండా. ముగిసిన 4 వారాల తర్వాత పోయిందో లేదో మళ్లీ పరీక్ష.

దీనితోపాటు హిమోగ్లోబిన్, షుగర్, థైరాయిడ్, పిత్తాశయంలో రాళ్లకు స్కానింగ్. విరేచనాలుంటే మల పరీక్ష, అందులోనే పేగుల వాపును చూపే కాల్‌ప్రొటెక్టిన్, సీలియాక్‌కి (గోధుమలోని గ్లూటెన్ పడని జబ్బు) టి.టి.జి. అనే రక్త పరీక్ష. గోధుమ మానేసి సీలియాక్ పరీక్ష చేయించుకుంటే ఫలితం తప్పుగా వస్తుంది, తింటూనే చేయించాలి.

ఎండోస్కోపీకి ముందు 6 నుంచి 8 గంటలు ఏమీ తినకూడదు. గొంతులో మత్తు స్ప్రే కొడతారు, పని 5 నుంచి 10 నిమిషాలు. రిపోర్టులో "మైల్డ్ యాంట్రల్ గ్యాస్ట్రైటిస్" (పొట్ట కింది భాగంలో స్వల్ప వాపు), "లాక్స్ ఎల్.ఇ.ఎస్." (వదులైన కవాటం) అని ఉంటే బెంబేలు పడొద్దు, మన దగ్గర చాలా రిపోర్టుల్లో ఆ వాక్యం ఉంటుంది, బాధకు అదే కారణమని తేలినట్టు కాదు. చూడాల్సింది అన్నవాహిక ఎంత ఒరుసుకుపోయిందో చెప్పే లాస్ ఏంజెలెస్ గ్రేడ్: ఎ స్వల్పం, సి, డి అయితే రిఫ్లక్స్ ఖాయం, మందు దీర్ఘకాలం కావాలి. "అంతా నార్మల్" అని వచ్చినా రిఫ్లక్స్ లేదని కాదు, రిఫ్లక్స్ ఉన్నవాళ్లలో సగానికి పైగా ఎండోస్కోపీ మామూలుగానే ఉంటుంది.

సరైన వేళకు 8 వారాలు బిళ్ల వేసుకున్నా తగ్గకపోతే మోతాదు పెంచుకుంటూ పోవడం కంటే 24 గంటల పీహెచ్ పరీక్ష మేలు. హైదరాబాద్ లాంటి నగరాల్లోని పెద్ద ఆసుపత్రుల్లో చేస్తారు. ముక్కులోంచి సన్నటి తీగ వేసి ఒక రోజంతా ఇంటికి పంపిస్తారు, మామూలుగా తిని తిరగాలి. అన్నవాహికలో యాసిడ్ ఉన్న సమయం 4 శాతంలోపు అయితే యాసిడ్ మామూలు కంటే ఎక్కువ ఎగదన్నట్లేదన్నట్టే. 6 శాతం దాటితే రిఫ్లక్స్ ఖాయం. గొంతు గీర, పొడి దగ్గు మాత్రమే ఉండి ఛాతీమంట లేనివాళ్లు ఏళ్లకేళ్లు బిళ్లలు మింగే ముందు ఇది చేయించుకోవడం డబ్బు దండగ కాదు.

అన్నీ మామూలుగానే ఉన్నాయి, బాధ మాత్రం ఉంది

"నీకేం లేదు, టెన్షన్ తగ్గించుకో" అన్న మాటతో చాలామందిని పంపించేస్తారు. జబ్బు లేదని కాదు దానర్థం. పొట్ట, పేగుల నరాలు అతిగా స్పందించడం కూడా జబ్బే. ఫంక్షనల్ డిస్పెప్సియా, ఐ.బి.ఎస్. అనే పేర్లున్నాయి, నిర్ధారణకు రాతపూర్వక కొలమానాలున్నాయి. మామూలుగా కదిలే గాలి కూడా ఆ నరాలకు నొప్పిగా అందుతుంది.

దీనికి తక్కువ మోతాదు ఎమిట్రిప్టిలిన్, రాత్రి 10 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, డాక్టర్లు ఇస్తారు. షాపులో "ఇది మానసిక రోగాల మందండీ" అనేసరికి సగంమంది స్ట్రిప్ బల్ల మీదే వదిలేస్తారు. డిప్రెషన్‌కి ఇచ్చే మోతాదు దీనికి ఎన్నో రెట్లు. ఇక్కడ పని పేగు నరాల శబ్దం తగ్గించడం. మొదటి వారం నోరు ఎండటం, మత్తు ఉంటాయి, ఫలితానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది.

ఒట్టి తేన్పులకు, తిన్న వెంటనే ఎగదన్నే వాళ్లకు డయాఫ్రం శ్వాస. కుర్చీలో ఆనుకుని కూర్చోండి. ఒక చెయ్యి ఛాతీ మీద, ఒక చెయ్యి బొడ్డు మీద. ముక్కుతో 4 అంకెలు లెక్కపెడుతూ పీల్చండి. కింది చెయ్యి పైకి లేవాలి, పై చెయ్యి కదలకూడదు. పెదాలు సున్నాలా పెట్టి 6 అంకెలు వదలండి. భోజనం తర్వాత 10 నిమిషాలు, రోజుకు మూడుసార్లు. డయాఫ్రం కండరం అన్నవాహిక చుట్టూ ఉంగరంలా ఉంటుంది, ఈ శ్వాసతో ఆ ఉంగరం బిగుస్తుంది, గాలి మింగడం ఆగుతుంది. మొదట్లో పై చెయ్యే లేస్తుంటుంది. అప్పుడు వెల్లకిలా పడుకుని పొట్ట మీద ఒక పుస్తకం పెట్టుకుని ఖాళీ కడుపుతో సాధన చేయండి, వారంలో పట్టుబడుతుంది. తిన్నాక కపాలభాతి, ముందుకు వంగే ఆసనాలు మాత్రం వద్దు.

బిళ్ల నుంచి బయటపడటం

8 వారాలకు తగ్గిపోయి, సి, డి గ్రేడ్, బారెట్స్ (యాసిడ్ వల్ల అన్నవాహిక లోపలి పొర మారిపోవడం), పాత రక్తస్రావపు పుండు, రోజూ ఆస్పిరిన్ లాంటివేవీ లేకపోతే, డాక్టర్‌తో మాట్లాడి ఆపే ప్రయత్నం చేయొచ్చు. ఒక్కసారిగా ఆపితే చాలామందికి కొద్ది రోజుల్లోనే మంట ఎగసిపడొచ్చు. ఇన్నాళ్లు మూసి ఉంచిన పంపులు కసిగా తిరగడం అది; ఏ జబ్బూ లేని మనుషులకు 8 వారాలు బిళ్ల ఇచ్చి ఆపినా కొందరికి మంట వచ్చింది. దాన్ని చూసి "మానితే బతకలేను" అనుకుని మళ్లీ మొదలుపెట్టినవాళ్లే ఏళ్ల తరబడి ఇందులో ఉండిపోతారు.

40 మిల్లీగ్రాములు వాడుతుంటే 4 వారాలు 20కి దిగండి. తర్వాత 2 వారాలు రోజు విడిచి రోజు. తర్వాత ఆపండి. మధ్యలో మండిన పూట ఆల్జినేట్ 10 మిల్లీలీటర్లు. ఎగసిపాటు సాధారణంగా 2 నుంచి 4 వారాల్లో సద్దుమణుగుతుంది. రెండు నెలలైనా వారానికి రెండుసార్ల కంటే ఎక్కువ మంట ఉంటే మీకు బిళ్ల నిజంగానే అవసరం; పనిచేసే అతి తక్కువ మోతాదులో కొనసాగించడంలో తప్పేం లేదు. అలాంటివాళ్లు ఏడాదికోసారి బి12, మెగ్నీషియం చూపించుకోవాలి, శాకాహారులు, మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు మరీ.

బిళ్ల ఆపేశాక రేపు మధ్యాహ్నం పెళ్లి భోజనం ఉందనుకోండి. రెండున్నరకు కానీ విస్తరి పడదు, పులిహోర, గారెలు, బూరెలు తప్పవు. పొద్దున మామూలుగా ఇడ్లీ తినే వెళ్లండి, ఖాళీ కడుపుతో వెళ్తే రెట్టింపు తింటారు. భోజనానికి అరగంట, గంట ముందు ఫామోటిడిన్ 20. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మోతాదు డాక్టర్‌ని అడిగే వేసుకోవాలి. రోజూ వేస్తే వారం రెండు వారాల్లో దాని పని తగ్గిపోతుంది కాబట్టి ఇలాంటి రోజులకే దాచుకోవాలి. తిరుగు ప్రయాణంలో బస్సులో సీటు వాల్చి నిద్రపోకుండా, సాయంత్రం ఏడు దాకా నిటారుగా ఉండి, రాత్రికి మజ్జిగన్నం.